భుజం మీది గోరువంక

గుర్రంతో సహా మొసళ్ళ మడుగు ఈది, ఒంటి మీది బురద ఆరీ ఆరకముందే పోలన సౌమ్యపురి కోటవాకిట్లో నిలబడ్డాడు. మడుగు దాటినంతసేపూ అతడి నెత్తినెక్కి కూర్చున్న గోరువంక ఇప్పుడు కుడిభుజం మీదికి దిగి, రెక్కలు విదిలించుకుని, కావలివాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఎవడ్రా నువ్వు?" అంది.

పోలనకు పై ప్రాణాలు పైనే పోయాయి. పొలిమేర పల్లెలో ఒక కల్లుపాక ముందు పంజరంలో వేలాడుతుంటే, వేలి ఉంగరం ఇచ్చి తెచ్చుకున్న పిట్ట అది. పుట్టి బుద్ధెరిగాక కల్లుపాక దాటి ఎరగదు. దానికి వచ్చిన మాటలే కొద్ది. ఆ కొద్దీ పెద్దల ముందు అనదగ్గవి కావు.

కావలివాడి భుజం మీద కూడా ఒక గోరువంక ఉంది. దువ్వినట్టు నున్నగా నిగనిగలాడుతోంది. అది వాడి చెవిలో ఏదో గొణిగింది. వెంటనే వాడు చేతులు జోడించాడు.

"తమరి పిట్టకు మడుగు గాలి పడినట్టు లేదండీ, గొంతు గరుకెక్కింది. లోపలికి దయచేయండి. అమ్మ చల్లగా చూస్తుంది," అన్నాడు. వాడి చేతిలో ఈటె లేదు, కత్తి లేదు. విసనకర్ర ఉంది. ఎండన పడి వచ్చినవాళ్ళకు విసరడానికట.

ఇదెక్కడి కోట రా దేవుడా అనుకుంటూ పోలన గుర్రాన్ని నడిపించుకుని లోపలికి వెళ్ళాడు.

అతడు వచ్చిన పని చిన్నది కాదు. గవ్వలగిరి రాజుగారి గజశాలలో పెద్దమావటి అక్కన అతడి తండ్రి. పట్టపుటేనుగు కరిమబ్బు నుదుటి పతకంలోని కెంపును ఎవరో పెరికి పట్టుకుపోయారు. అడ్డొచ్చిన కావలివాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఎవరో ఎవరన్నది గవ్వలగిరిలో వీధికుక్కలకు కూడా తెలుసు. పోలన అన్న కొమ్మన. తాగుడు, జూదం, కొట్లాట, కొమ్మన చేయని పాపమంటూ లేదు. తాగడానికి డబ్బివ్వలేదని ఒకసారి కన్నతండ్రి చెయ్యే విరిచాడు. కెంపుతో వాడు పారిపోతే, "నా కొడుకు చేస్తే నేను చేసినట్టే కదా" అని ముసలాయన తల వంచుకుని చెరసాలకు నడిచాడు. విజయదశమి నాడు, చంటిబిడ్డలా సాకిన ఆ కరిమబ్బు కాలి కిందే ఆయన్ని పడేస్తారు.

తప్పించే దారి ఒక్కటే. గవ్వలగిరిలో కొట్టి చెప్పించిన నేరం చెల్లదు. దోషి కొలువుకు వచ్చి, అరచేతిలో ఉప్పు పట్టుకుని, "నేనే చేశాను. నా బుద్ధితో చేశాను. నా బుద్ధితోనే చెబుతున్నాను" అనాలి. అప్పుడే వాడి బదులు చెరలో ఉన్నవాడికి విడుదల. కొమ్మన శారికాంబ అనే మాంత్రికురాలు ఏలే సౌమ్యపురిలో ఉన్నాడని అడవిలో ఒక బైరాగి చెప్పాడు. భుజం మీద గోరువంక లేనివాణ్ణి ఆ ఊళ్ళో తిరగనివ్వరని కూడా ఆయనే చెప్పాడు. ఎందుకు తిరగనివ్వరో మాత్రం చెప్పకుండా, గంజాయి దమ్ము ఒకటి లాగి కళ్ళు మూసుకున్నాడు.

ఊరు చూస్తే కన్ను తిప్పుకోలేం. చలువరాతి మేడలు వరుసగా పాలనురుగులా తెల్లగా మెరుస్తున్నాయి. ఏ మేడకూ తలుపు లేదు. గడపలకు పసుపు, పైన మల్లెపందిళ్ళు, వీధి మధ్యగా అద్దంలాంటి కాలువ, కాలువలో వెండిచేపలు. అంగళ్ళలో దానిమ్మలూ పనసలూ గుట్టలు పోసి ఉన్నాయి. అమ్మేవాడు లేడు. కావలసినవాడు వచ్చి, కావలసినంత తీసుకుని, తన వంతు ధాన్యం బుట్టలో పోసి పోతున్నాడు. పోలన కూడా ఒక దానిమ్మ మీద చెయ్యి వేసి, ఎవరూ చూడటం లేదని గమనించి, అంతలోనే సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈ ఊరు మొత్తంలో తప్పు చేయగలవాడు తనొక్కడేనేమోనని అనిపించింది.

అందరి భుజాల మీదా గోరువంకలే. ముసలివాళ్ళకూ, పెళ్ళికూతుళ్ళకూ, పల్లకీ మోసే బోయీలకూ. వీధంతా సన్నటి గుసగుస. చెవి రిక్కించి వింటే మాటలు తెలుస్తున్నాయి. "ఎడమకు నడు." "ముసలమ్మకు దారి ఇయ్యి." "ఆ కోపం వద్దు." "ఇక ఇంటికి పద." పిట్ట చెప్పడం, మనిషి చేయడం. చెప్పేదానికీ చేసేదానికీ మధ్య రెప్పపాటు సందు కూడా లేదు.

నాలుగు వీధుల మొగలో ఒక పెద్దాయన నడినెత్తిన ఎండలో నిలబడి ఉన్నాడు. చేతిలో కలిపిన అన్నం ముద్ద. ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ముఖమంతా చెమట. ఆయన భుజం మీది పిట్ట నోరు తెరుస్తోంది, మూస్తోంది, శబ్దం రావడం లేదు.

"ఏం తాతా, ఎండలో నిలబడ్డావు? నీడకు రా," అన్నాడు పోలన.

"పిట్టకు గొంతు పట్టేసింది బాబూ. తినమంటుందో వద్దంటుందో తెలియడం లేదు."

"ఆకలిగా ఉందా లేదా?"

పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. "ఉన్నట్టే ఉంది. కానీ తినొచ్చో లేదో నాకెలా తెలుస్తుంది? తమరి పిట్టనడిగి చెప్పండి బాబూ, పుణ్యముంటుంది."

పోలన నోరు తెరిచేలోగా భుజం మీది గోరువంకే మెడ సాచి, గొంతు పూర్తిగా విప్పి అరిచింది.

"కల్లు పొయ్యరా!"

"చిత్తం," అన్నాడు పెద్దాయన. ముద్ద కింద పడేసి, కల్లు కోసం బయలుదేరాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ గోరువంకలు గోరువంకలే. మంత్రం వేసినా, బంగారు గిన్నెలో పాలు పోసినా, పక్క పిట్ట అన్న మాట అనకుండా ఉండలేవు. పందిరి కింద ఒక పిట్ట "కల్లు పొయ్యరా" అంది. దానిమ్మల దగ్గర ఇంకొకటి అందుకుంది. చూస్తుండగానే బజారంతా "కల్లు పొయ్యరా, కల్లు పొయ్యరా" అని మారుమోగిపోయింది. అంతదాకా నెమ్మదిగా నడుస్తున్న జనం ఒక్కసారి పరుగు లంకించుకున్నారు. కుమ్మరి చక్రం వదిలేశాడు, బోయీలు పల్లకీ దించేశారు, అందులోని కొత్త పెళ్ళికూతురు చీర ఎగగట్టి అందరికంటే ముందు ఉరికింది. సౌమ్యపురిలో తాటిచెట్టన్నది లేదు. లేని కల్లు కోసం ఊరంతా మేడలెక్కి దిగుతోంది, కుండలు బోర్లించి చూస్తోంది. ఒకరి మీద ఒకరు పడుతున్నా ఒక్కరికీ కోపం రావడం లేదు. పిట్ట చెప్పలేదు మరి.

పోలనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే కాలువలో దబ్బుమని చప్పుడైంది.

ఒక తల్లి కల్లు కోసం పరుగెత్తుతూ చంకలోని బిడ్డను గట్టు మీద కూర్చోబెట్టిపోయింది. బిడ్డ జారి నీళ్ళలో పడింది. గట్టున జనం ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. వాళ్ళ కళ్ళల్లో కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఒక్కరూ కదలలేదు. అందరి పిట్టలూ ఒకటే మాట మీద ఉన్నాయి.

పోలన గుర్రాన్ని వదిలేసి కాలువలోకి దూకాడు. తూము వైపు నీటి లాగుడు ఎక్కువ. బిడ్డ చెయ్యి అందినట్టే అంది జారిపోయింది. మునిగి, తూము కంత దగ్గర బిడ్డ జుట్టు దొరకబుచ్చుకుని, గోడకు కాళ్ళు తన్నిపెట్టి పైకి లాగాడు. బిడ్డ దగ్గి, నీళ్ళు కక్కి, కేరుమంది. పోలన బిడ్డను గుండెకు అదుముకున్నాడు. ఈ కల్లు గోలంతా తన వల్లే వచ్చింది. బిడ్డ పోయి ఉంటే ఆ పాపం ఎవరిది? పిట్టదా, తల్లిదా, తనదా?

తడిసిన గుడ్డలతో గట్టెక్కేసరికి జనం గుమిగూడారు. గోరువంకలు అప్పటికి నోరు మూసుకున్నాయి.

"దూకమని తమకు ఎవరు చెప్పారండీ?" అని ఒకామె వింతగా అడిగింది.

"ఎవరో చెప్పాలా ఏమిటి తల్లీ? బిడ్డ పడితే దూకేశాను."

అనేశాక నాలుక్కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. జనం ఒకడుగు వెనక్కి వేశారు. కళ్ళల్లో కోపం లేదు, భయం ఉంది. కుష్ఠురోగిని చూసినట్టు చూశారు. మరుక్షణం భుజాల మీది పిట్టలన్నీ ఒకే గొంతుతో, ఒకే ఆడగొంతుతో పలికాయి. "ఇతడి భుజం ఖాళీ. ఇతణ్ణి అమ్మ దగ్గరికి తీసుకురండి."

పోలన ఒక్క గెంతున గుర్రమెక్కాడు. ఉన్న ఒక్క వేషం కూడా పోయింది, కల్లుపాక గోరువంక ఎటో ఎగిరిపోయింది. ఇక దాక్కునేదేముంది? వీధి వెంట గుర్రాన్ని దౌడు తీయించాడు. వెనకాల మేడల మీంచి, ఇంకా ఎవరి భుజమూ ఎక్కని గోరువంకల గుంపు నల్లమబ్బులా లేచింది. సందు తిరిగితే సందు తిరిగింది, వంతెన కింద దూరితే కిందికి వచ్చింది. ముక్కులతో పొడవలేదు, గోళ్ళతో రక్కలేదు. ఊరికే చుట్టూ తిరుగుతూ, "ఆగు నాయనా, పడతావు" అని బుజ్జగిస్తున్నాయి. అరిచి మీద పడినా ఇంత భయం వేసి ఉండేది కాదు.

ఒక అన్నసత్రం గుమ్మంలోంచి బలమైన చెయ్యి ఒకటి వచ్చి కళ్ళెం పట్టుకుంది. గుర్రం ఆగిపోయింది.

"తమ్ముడూ! ఇంత తడిసిపోయావేమిట్రా?"

కొమ్మన! అదే విశాలమైన ఛాతీ, అదే తెగిన కనుబొమ్మ. ముఖం మాత్రం ఎవరిదో. తన అన్న ముఖంలో అంత నెమ్మది పోలన పుట్టి ఎరగడు. కొమ్మన అతణ్ణి లోపలికి తీసుకెళ్ళి, పొడిగుడ్డతో తల తుడిచాడు. సత్రం నిండా గుడ్డివాళ్ళూ, మంచం పట్టినవాళ్ళూ. కొమ్మన ఒక ముసలామె పక్కన చతికిలబడి, ఆగిన చోటి నుంచి అన్నం ముద్దలు పెట్టడం మొదలుపెట్టాడు. మూతికి అంటిన మెతుకును బొటనవేలితో తుడిచాడు. నాన్న చెయ్యి విరిచింది ఈ చేత్తోనే.

"అన్నా, నాన్నను ఏనుగు కాలి కింద పడేస్తారట," అన్నాడు పోలన.

కొమ్మన ముద్ద ఆపి, భుజం మీది గోరువంక వైపు తల వంచాడు. గోరువంక క్షణం కూడా తడుముకోలేదు.

"తండ్రిని కాపాడటం ధర్మం. వెళ్ళి నిజం చెప్పు."

"అయితే పదరా," అని కొమ్మన లేచి నిలబడ్డాడు.

పోలనకు ఆనందంతో కళ్ళు నిండాయి. ఇంతేనా? కత్తి దూయకుండా, కాళ్ళు పట్టుకోకుండా, ఇంత తేలిగ్గానా? వెంటనే సత్రం వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి అన్న అరచేతిలో పోశాడు. "కొలువులో తడబడకూడదన్నా. ఒకసారి అను."

"నేనే చేశాను," అన్నాడు కొమ్మన. "నా బుద్ధితో చేశాను."

"ఊఁ. నా బుద్ధితోనే..."

"నా..." కొమ్మన ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి, నాలుక తిరగలేదు. నుదుట చెమట పోసింది. చివరికి తమ్ముడి వైపు దీనంగా చూశాడు. "అది అబద్ధం కదరా తమ్ముడూ. చేసింది నా బుద్ధితోనే. చెప్పేది మాత్రం పిట్ట చెబితే చెబుతున్నాను. ఇక్కడ మాకు అబద్ధం నోట రాదురా."

పోలన నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చెడ్డవాడిగా ఉన్నప్పుడు ఈ మనిషి ఏ అబద్ధమైనా ఆడేవాడు, నిజం మాత్రం ఛస్తే చెప్పేవాడు కాదు. ఇప్పుడు నిజం తప్ప చెప్పడు, ఆ నిజం చెల్లదు. ఎటు చూసినా గోడే. ఉక్రోషం పట్టలేక పోలన చటుక్కున చెయ్యి చాచి అన్న భుజం మీది గోరువంకను పీక పట్టుకున్నాడు. "నీ పీడ వదిలిస్తే సరి!"

కొమ్మన మొదలు నరికిన చెట్టులా కూలిపోయాడు. కళ్ళు తేలేశాడు. ముఖం నీలమైపోయింది. పిట్ట గింజుకోలేదు. ప్రశాంతంగా, పోలన గుప్పిట్లోంచే అంది. "నేను పోతే ఇతడూ పోతాడు. నీ ఇష్టం."

నీ ఇష్టం! ఊళ్ళో అడుగుపెట్టాక ఆ మాట వినడం అదే మొదలు. పోలన వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. కొమ్మన ఊపిరి తీసుకుని లేచి కూర్చుని, "నీ చెయ్యి నొప్పి పుట్టలేదు కదా?" అని తమ్ముణ్ణే అడిగాడు. పోలన భోరుమన్నాడు.

"ఏడవకు నాయనా," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. వీధిలో పిట్టలన్నీ పలికిన గొంతు అదే.

మహామాంత్రికురాలు శారికాంబ అంటే కోరలూ, పుర్రెల దండా ఉంటాయనుకున్నాడు పోలన. వచ్చినావిడ నేతచీర కట్టుకున్న ముసలావిడ. నెరిసిన జుట్టు ముడిలో ఒక చేమంతి. చేతిలో జొన్నకంకి, మణికట్టు మీద కల్లుపాక గోరువంక. అది కంకి పొడుచుకు తింటూ, ఆవిణ్ణి చూసి "ఎవడ్రా నువ్వు" అంటోంది. ఆవిడ పగలబడి నవ్వుతోంది.

"నా పిట్టలు ఇన్నేళ్ళలో నన్నొక్కసారీ నవ్వించలేదు నాయనా. దీన్ని నేను ఉంచుకుంటా."

"మా అన్నను వదిలిపెట్టు తల్లీ," అన్నాడు పోలన. "మనుషుల బుద్ధి లాక్కుని బొమ్మల్లా ఆడిస్తున్నావు. ఇందాక బిడ్డ మునుగుతుంటే ఒక్కడు కదిలాడా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. సత్రం అరుగు మీద కూలబడింది. "నిజమే. ఆ బిడ్డ పోయి ఉంటే నేను ఈ జన్మకు నిద్రపోయేదాన్ని కాదు. మరి ఇదీ విను. నా కొడుకులిద్దర్నీ ఈ వీధిలోనే పొడిచి చంపారు. ఎవరనుకున్నావు? పక్కింటివాడు. ఎందుకనుకున్నావు? బావి దగ్గర బిందె ముందు ఎవరు పెట్టాలన్న తగువు. వాడి బుద్ధి వాడిదేగా అప్పుడు? ఆనాటి నుంచి ఈ ఊళ్ళో నెత్తురు చుక్క పడలేదు. పడమంటావా?"

పోలన తల తిప్పుకుని వీధి వైపు చూశాడు.

"నేనెవరి బుద్ధీ లాక్కోలేదు," అందావిడ. "ఎవరికి వాళ్ళు భుజం చూపించి 'రా' అంటేనే నా పిట్ట వాలుతుంది. మీ అన్ననడుగు, ఎవరు పిలిచారో."

"నేనేరా," అన్నాడు కొమ్మన తల వంచుకుని. "ఆ కావలివాణ్ణి పొడిచాక నా చేతుల్ని చూస్తే నాకే భయమేసేది. ఈ ఊరు రాగానే పిలిచాను."

తన బుద్ధితో బుద్ధినే వదులుకున్నవాణ్ణి ఏమనాలి? వాడు బందీనా, కాదా? "పోనీ, విడిపిస్తే వస్తావా అన్నా? ఇది కావాలా నీకు?"

కొమ్మన పిట్ట వైపు చూశాడు. ఎన్నడూ తడుముకోని పిట్ట ఈసారి రెక్కలు ముడుచుకుంది. "అది ఇతడే చెప్పాలి," అంది. ఇతడేమో పిట్ట చెబితే తప్ప చెప్పలేడు.

"విడిపించే దారి ఉంది," అంది శారికాంబ. "నా పిట్ట ఒక భుజం దిగితే మరో భుజం ఎక్కాలి. నేల మీద వాలితే చచ్చిపోతుంది, దాంతోపాటు మీ అన్నా పోతాడు. ఊళ్ళో అందరి భుజాల మీదా పిట్టలున్నాయి. ఖాళీది నీదొక్కటే."

"నీ భుజమూ ఖాళీయే కదమ్మా?"

"అది పలికేది నా గొంతుతోనే నాయనా. నా మాట నేనే వినడం కుదరదు." ఆవిడ కంకి పక్కన పెట్టింది. "ఊళ్ళో ఎవరో ఒకరు ఏది తప్పో ఏది ఒప్పో తెలియక తికమకపడాలి కదా. ఆ బరువు నేను మోస్తున్నాను. ఎవరికీ ఇవ్వను. మోసి చూడు, తెలుస్తుంది."

ఈవిడ రాక్షసా, తల్లా? పోలన ఎంత చూసినా తేలలేదు. మనసులో ఒకటే గింగిరాలు. ఈ కొమ్మన మంచివాడు, గుడ్డివాళ్ళకు అన్నం పెడతాడు, కానీ నాన్నను కాపాడలేడు. ఆ కొమ్మన కాపాడగలడు, కానీ కాపాడతాడని నమ్మకం ఏమిటి? ఒక మంచివాణ్ణి చంపి ఒక దుర్మార్గుణ్ణి లోకం మీదికి వదలడం కదా ఇది? వదిలితే వాడు ఇంకెవరినైనా పొడిస్తే? నేను ఇక్కడ బొమ్మనై కూర్చుంటే, ఆ దెబ్బ ఆపేదెవరు? వద్దనుకుంటే నాన్న. కరిమబ్బు పాదం. నాన్న ఎత్తిన చెయ్యి చూసి, ముద్దు చేస్తున్నాడనుకుని తొండం చాపే ఆ పిచ్చి ఏనుగు.

"కోటవాకిట్లోకి పదండి," అన్నాడు పోలన. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

వాకిట్లో గుర్రానికి నీళ్ళు తాగించి, జీను బిగించి, ఉప్పు మూట జీనుకు కట్టాడు. అన్నను దాని పక్కన నిలబెట్టాడు. కావలివాడు ఎందుకైనా మంచిదని అందరికీ విసనకర్రతో విసురుతున్నాడు. పోలన అన్న ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తనివితీరా చూసుకున్నాడు. ఇంత ప్రేమగా చూసే అన్న తనకు ఎన్నడూ లేడు. ఇక ఉండడు కూడా.

తర్వాత భుజం చూపించి, "రా," అన్నాడు.

గోరువంక ఎగిరింది. దాని గోళ్ళు ఇంకా భుజానికి ఆనక ముందే కొమ్మన వెనక్కి తూలి, కోటగోడకు జేరగిలబడ్డాడు. నెమ్మదిగా చేతులెత్తి చూసుకున్నాడు. నెమ్మది అంతా ముఖంలోంచి ఆవిరైపోయింది. తెగిన కనుబొమ్మ ముడిపడింది. ఆ పాత చూపు, చిన్నప్పుడు పోలన మంచం కింద దూరి తప్పించుకున్న ఆ చూపు, తిరిగొచ్చింది.

పోలన చెంప ఛెళ్ళుమంది.

"నిన్నెవడ్రా విడిపించమన్నాడు?" కొమ్మన గర్జించాడు. "హాయిగా ఉన్నాను కదరా! వాడి ముఖం కళ్ళబడకుండా హాయిగా ఉన్నాను కదరా! పొడుస్తుంటే వాడు నా పేరు పెట్టి పిలిచాడు, తెలుసా నీకు? మళ్ళీ వినబడుతోంది! నీ మూలంగా మళ్ళీ వినబడుతోంది!"

"అన్నా, నాన్న..."

"నోర్ముయ్!"

కొమ్మన గుర్రమెక్కాడు. డొక్కలో తన్నిన తన్నుకు గుర్రం సకిలించి, వాకిలి దాటి దూసుకుపోయింది. విసనకర్ర కింద పడేసి కావలివాడు పక్కకు గెంతాడు.

పోలన భుజం మీది పిట్ట ఇంకా సర్దుకుంటోంది. కొత్త భుజం కుదురుకోవడానికి దానికి కాస్త సమయం పట్టేలా ఉంది. ఆ కాస్త సమయంలో పోలన వాకిలి అంచుదాకా పరుగెత్తాడు. కోట బయట, ఈత పొదల అవతల, దారి రెండుగా చీలుతుంది. ఎడమది మడుగు గట్టున గవ్వలగిరికి. కుడిది సముద్రపు రేవుకు. అక్కడ ఓడ ఎక్కినవాడు ఇక ఈ జన్మకు దొరకడు.

దుమ్ము రేపుకుంటూ గుర్రం ఆ చీలిక దాకా వెళ్ళి ఆగింది. కొమ్మన కళ్ళెం బిగబట్టి, ఎడమకు చూశాడు. కుడికి చూశాడు. వాణ్ణి తిట్టేవాడు లేడు, బతిమాలేవాడు లేడు, చెవిలో చెప్పేవాడు లేడు. గుర్రం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. పోలన ఊపిరి బిగబట్టాడు. ఎడమకన్నా, ఎడమకు తిప్పు. అతడి ప్రాణమంతా కళ్ళల్లోకి వచ్చింది. కొమ్మన చెయ్యి కదిలింది.

"ఇటు తిరుగు," అంది గోరువంక మెత్తగా, చెవి పక్కనే.

పోలన తిరిగాడు.

వెనకాల డెక్కల చప్పుడు మళ్ళీ మొదలైంది. కాసేపు గట్టిగా వినిపించి, సన్నగిల్లి, ఆగిపోయింది. పొద్దుటి నుంచీ పోలన తలలో సుడులు తిరుగుతున్న గందరగోళమంతా తేటపడిపోయింది. రాక్షసా తల్లా, తప్పా ఒప్పా, బందీనా కాదా, ఏ ప్రశ్నా మిగల్లేదు. ఒళ్ళంతా చల్లగా, తేలిగ్గా ఉంది. శారికాంబ అతడి ముఖంలోకి చూసి, ఎందుకో కళ్ళు ఒత్తుకుంది.

"సత్రంలో ముసలివాళ్ళు ఆకలితో ఉన్నారు, పద," అంది గోరువంక.

పోలన నడిచాడు. గుర్రం ఎటు వెళ్ళిందో తెలుసుకోవాలని అతడికి అనిపించలేదు.